ఎడమ దిగింది, కుడి దిగలేదు: పాలు మానిపించిన తర్వాత రొమ్ము ఇంప్లాంట్ సర్జరీ, ఒక కేసు

నేపథ్యం

ముప్పైల మధ్యలో ఉన్న స్త్రీ, విశాఖలో టీచరు, ఇద్దరు పిల్లల తల్లి. ఇద్దరికీ ఏడాదికి పైగా పాలిచ్చింది. చిన్నవాడికి పాలు మానిపించి రెండేళ్లయింది, ఇక పిల్లలు వద్దని ఆపరేషన్ కూడా అయింది. ఎత్తు 158 సెం.మీ., బరువు 50 కిలోలు. షుగర్, బీపీ, థైరాయిడ్ లేవు, పొగ అలవాటు లేదు, ఇంట్లో ఎవరికీ రొమ్ము క్యాన్సర్ రాలేదు. గుర్తుపట్టే వీల్లేకుండా కుటుంబ, ఉద్యోగ వివరాలు కొన్ని మార్చాం. వైద్యానికి సంబంధించినవి ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాం.

ఆమె చెప్పిన ఇబ్బందులు రెండు. పైభాగం ఖాళీ అయిపోయి చర్మం మాత్రం మిగిలింది. ఎడమది కుడిదానికంటే చిన్నది, చీర కట్టినా చుడీదార్ వేసినా ఆ పక్కన ప్యాడ్ పెట్టక తప్పడం లేదు. పాలు మానాక ఇలా అవడం మామూలే. పాలగ్రంథులు కుంచించుకుపోతాయి, సాగిన చర్మం మాత్రం అంతగా వెనక్కి రాదు.

అప్పటికే చేసి చూసినవి

మెంతి క్యాప్సూల్స్, ఒక నూనె, ఆన్‌లైన్‌లో కొన్న గాలి పీల్చే కప్పులు. వీటితో పోయింది డబ్బే. ఏడాది క్రితం వేరే చోట కొవ్వు ఎక్కించుకున్న సంగతి మాత్రం ఈ కేసులో ముఖ్యం. పొట్ట, తొడల నుంచి తీసిన కొవ్వును రెండు వైపులా ఎక్కించారు. మూడు నెలలు బాగానే కనిపించింది, తర్వాత చాలావరకు కరిగిపోయింది. ఎక్కించిన కొవ్వుకు మొదటి రోజుల్లో చుట్టుపక్కల కణజాలం నుంచి రక్తం అందితేనే అది బతుకుతుంది. అందని భాగం కరిగిపోతుంది, లేదా చచ్చి నూనె తిత్తిగా మిగులుతుంది. ఒంట్లో కొవ్వు బాగా ఉన్నవాళ్లకు మళ్లీ ఎక్కించవచ్చు. 50 కిలోల మనిషి దగ్గర మళ్లీ తీయడానికి ఏముంటుంది?

కుడి రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ తగులుతోందని మొదటిసారి వచ్చినప్పుడు చెప్పలేదు. పరీక్షలో చేతికి తగిలాక అడిగితే, ‘క్యాన్సరేమోనని భయపడి ఎవరికీ చెప్పలేదు మేడమ్’ అంది. ఆ సంగతి తేలేదాకా సైజు ఊసెత్తేది లేదని చెప్పి అల్ట్రాసౌండ్ చేయించాం. 9 మి.మీ. నూనె తిత్తి, పల్చటి గోడ, లోపల గట్టి భాగం లేదు. రేడియాలజిస్టు బైరాడ్స్ 2 అని రాశారు, అంటే ప్రమాదం లేనిదని. బయాప్సీ అవసరం పడలేదు. ఆ రిపోర్టు, బొమ్మలు ఫైల్లో భద్రపరిచాం. ఇంప్లాంట్ పెట్టాక ఎప్పుడైనా గడ్డ కనిపిస్తే ‘ఇది పాతదా, కొత్తదా’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. పాత బొమ్మ చేతిలో ఉంటే ఒక సూది పరీక్ష తప్పవచ్చు.

సైజు నిర్ణయం

ఆమె 400 సీసీ (అంటే 400 మి.లీ. పరిమాణం) ఇంప్లాంట్ కావాలని వచ్చింది. ఇంట్లో స్టాకింగ్‌లో బియ్యం పోసి, బ్రాలో పెట్టుకుని అద్దంలో చూసుకుందట. ఈ పద్ధతి ఇప్పుడు చాలామంది పాటిస్తున్నారు. చిన్నదా పెద్దదా అన్న అభిరుచి తెలియడానికి పనికొస్తుంది, సీసీలు తేల్చడానికి పనికిరాదు. బియ్యం మూట చర్మం మీద, బ్రా నొక్కుడులో ఉంటుంది. ఇంప్లాంట్ కణజాలం కింద, ఛాతీ ఎముకల మీద పరుచుకుంటుంది. అన్నిటికీ మించి, బియ్యం మూట రొమ్ము వెడల్పు ఎంతో చెప్పదు.

కొలతలు ఇలా వచ్చాయి. రొమ్ము వెడల్పు కుడి 12, ఎడమ 11.8 సెం.మీ. పైభాగంలో చర్మాన్ని, కింది కొవ్వును వేళ్ల మధ్య పట్టుకుంటే మందం 1.4 సెం.మీ. చనుమొన నుంచి కింది మడత దాకా, చర్మం పూర్తిగా లాగి పట్టినప్పుడు, కుడి 7.5, ఎడమ 7 సెం.మీ. చనుమొనలు రెండూ మడత కంటే పైనే ఉన్నాయి, అయితే కుడిది ఎడమదానికంటే 6 మి.మీ. కిందికి ఉంది.

మా నిర్ణయాలన్నీ ఈ అంకెల నుంచే వచ్చాయి. చనుమొన మడత కంటే పైన ఉంది కాబట్టి పైకెత్తే సర్జరీ అవసరం లేదు. చనుమొన మడత కంటే కిందికి జారి ఉంటే ఇంప్లాంట్ ఒక్కటే పెట్టడం పొరపాటు: ఇంప్లాంట్ పైన నిలబడి, రొమ్ము దాని మీదుగా కిందికి వేలాడుతుంది. పైన మందం 2 సెం.మీ. కంటే తక్కువ కాబట్టి ఇంప్లాంట్‌ను గ్రంథి వెనకే పెడితే అంచు గీతలా కనిపిస్తుంది. అందుకే పైభాగం ఛాతీ కండరం కింద, కింది భాగం గ్రంథి కింద ఉండే డ్యూయల్ ప్లేన్ పద్ధతి ఎంచుకున్నాం. వెడల్పు 12 కాబట్టి ఇంప్లాంట్ 11.5 దాటకూడదు. ఆ వెడల్పులో, ఓ మోస్తరు ఎత్తున్న (ముందుకు మోస్తరుగా పొడుచుకొచ్చే) రకంలో వచ్చేవి 250 సీసీ చుట్టూనే. కుడికి 250, ఎడమకు 275 అనుకున్నాం.

400 ఎందుకు కాదో ఆమెకు విడిగా చెప్పాల్సి వచ్చింది. 400 సీసీకి తగ్గ వెడల్పుది పెడితే ఒక అంచు చంకలోకి పోతుంది, లేదా మధ్యలో రెండూ దాదాపు కలిసిపోతాయి. తక్కువ వెడల్పులో అంతే సీసీ కావాలంటే బాగా ఎత్తుది పెట్టాలి. అప్పుడు బరువంతా పల్చటి చర్మం మీద పడి, కొన్నేళ్లలో కింది భాగం సాగి ఇంప్లాంట్ మడత కిందికి దిగుతుంది. సాగిన చర్మాన్ని మళ్లీ బిగించలేం. తాను చూసిన వేరొకరి ఫోటో గుర్తుచేసి, ‘ఫోటోలో ఆవిడకి బాగానే ఉంది కదా’ అని అడిగింది. ఆవిడ రొమ్ము వెడల్పెంతో ఫోటోలో తెలియదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పి, రాయించి సంతకం తీసుకున్నాం: పరిమాణంలో తేడా తగ్గుతుంది, చనుమొనల ఎత్తులో ఉన్న 6 మి.మీ. తేడా తగ్గదు. నిండుగా అయ్యాక ఇంకాస్త స్పష్టంగా కనిపించవచ్చు కూడా.

సమ్మతి పత్రం దగ్గర ఎక్కువసేపు పట్టింది, పట్టాలి కూడా. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు, ఎప్పుడో ఒకప్పుడు తీయడమో మార్చడమో ఉంటుంది. గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్ల చుట్టూ శరీరం ఏర్పరిచే పొరలో అరుదైన లింఫోమా (రోగనిరోధక కణాల క్యాన్సర్) రావచ్చని తేలింది, 2019లో ఒక రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అందుకే ఈ కేసులో నునుపు పొర, గుండ్రటి సిలికాన్ జెల్ ఎంచుకున్నాం. 2021 అక్టోబరులో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇంప్లాంట్ల మీద బాక్స్ హెచ్చరిక (గడి కట్టి ముద్రించే తీవ్రమైన హెచ్చరిక) తప్పనిసరి చేసి, రోగితో అంశాల వారీగా చదివించి సంతకం తీసుకునే జాబితా పెట్టింది. ఆ జాబితాను తెలుగులో చదివి వినిపించాం. ఖర్చు గురించి ఒక మాట: అందం కోసం చేసే సర్జరీకి ఆరోగ్య బీమా రాదు, పైగా 18 శాతం జీఎస్టీ పడుతుంది. కొటేషన్ తీసుకునేటప్పుడు అది కలిపారో లేదో అడగాలి.

వాయిదా

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. నెలసరిలో రక్తం ఎక్కువ పోవడమే కారణం. ఈ సర్జరీలో రక్తం పెద్దగా పోదు కాబట్టి 9.8తో చేసేసేవాళ్లూ ఉన్నారు. మేము ఆపాం. ఇది అత్యవసరం కాదు. పైగా లోపల రక్తస్రావమై రెండోసారి థియేటర్‌కి తీసుకెళ్లాల్సి వస్తే, తక్కువ రక్తంతో మొదలైన మనిషికి అది భారమవుతుంది. ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు, పరగడుపున, టీ కాఫీలకు దూరంగా వేసుకోమన్నాం. గైనకాలజిస్టు నెలసరికి మందు ఇచ్చారు. రెండు నెలలకు 11.9కి వచ్చింది.

ఆ వాయిదాతో తేదీ ఏప్రిల్ చివరికి జరిగింది. బడికి వేసవి సెలవులు, జూన్ రెండో వారం దాకా విశ్రాంతి దొరుకుతుంది. మరోవైపు విశాఖ మే నెల ఉక్కపోత: రొమ్ము కింది మడతలో చెమట, ప్లాస్టర్, బిగుతు బ్రా మూడూ ఒకచోట చేరతాయి. విశ్రాంతికే మొగ్గు చూపాం. మడత పొక్కితే మందుంది, మూడో వారంలో నిలబడి ఐదు పీరియడ్లు చెబుతూ పైకి చెయ్యెత్తి బోర్డు మీద రాస్తే మందు లేదు.

సర్జరీ

పూర్తి మత్తు, గంటన్నర. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, చేపనూనె, విటమిన్ ఇ వారం ముందే ఆపించాం. ఆమె నిలబడి ఉండగా గీతలు గీశాం, పడుకోబెడితే మడత స్థానం మారిపోతుంది. కోత పెట్టడానికి ముందు గంటలోపు సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్. కింది మడతలో 4.5 సెం.మీ. కోత. చనుమొన చుట్టూ కోత పెడితే మచ్చ దాగుతుంది, కానీ పాలనాళాల్లో సహజంగా ఉండే క్రిములు ఇంప్లాంట్ దాకా చేరే అవకాశం పెరుగుతుంది. చనుమొనలకు పారదర్శక ప్లాస్టర్ అంటించి మూశాం, రక్తనాళాలన్నీ కళ్లతో చూస్తూ కాల్చి ఆపాం, లోపలి ఖాళీని క్రిములను చంపే పోవిడోన్ అయోడిన్ ద్రావణంతో కడిగాం, ఇంప్లాంట్ పట్టుకునే ముందు గ్లవ్స్ మార్చి, చర్మానికి తగలకుండా స్లీవ్‌లోంచి లోపలికి జార్చాం. ఇంత హడావుడీ ఇంప్లాంట్ చుట్టూ పొర గట్టిపడకుండా ఉండేందుకే. దానికి ముఖ్య కారణాల్లో ఒకటి పైకి ఇన్‌ఫెక్షన్‌గా కనిపించని కొద్దిపాటి క్రిములని అనుమానం. డ్రెయిన్ (లోపలి ద్రవం బయటికి పోయే గొట్టం) పెట్టలేదు. మర్నాడు ఉదయం ఇంటికి పంపాం.

మొదటి పది రోజులు

మొదటి మూడు రోజులు నొప్పి కంటే బిగుతే బాధించింది. పాలు చేపి గడ్డకట్టిన రోజులు గుర్తొచ్చాయని ఆమే అంది. పిల్లల తల్లులకు ఇంతకంటే బాగా చెప్పే పోలిక మాకూ దొరకలేదు. ఉదయం లేవగానే బిగుతు ఎక్కువ, కాసేపు తిరిగాక తగ్గుతుంది. పారాసెటమాల్ 650 మి.గ్రా. ఆరు గంటలకొకసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా టైముకి వేసుకోవాలి. తల వైపు ఎత్తుపెట్టి వెల్లకిలా పడుకోవాలి. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి తల దువ్వుకోవచ్చు, అటక మీది డబ్బా మాత్రం అందుకోకూడదు. 48 గంటల తర్వాత స్నానం. మూడు వారాల దాకా స్కూటీ వద్దు: బ్రేకు వేసినప్పుడు ఛాతీ కండరం ఒక్కసారిగా బిగుస్తుంది.

బరువుల విషయంలో మామూలుగా చెప్పే ‘బరువులు ఎత్తకండి’ అన్న మాట చాలదు. రెండు కిలోలకు మించి ఎత్తకూడదన్నాం. బిందె, గ్యాస్ సిలిండర్, ఇడ్లీ పిండి గ్రైండర్ రాయి, నాలుగేళ్ల పిల్లాడు అని పేరుపేరునా రాసిచ్చాం.

పదో రోజు ఫోన్ వచ్చింది. ఎడమ పక్క మడత కింద ఎర్రగా ఉంది, దురద. ఇంట్లోవాళ్లు చీము పట్టిందని కంగారు పడుతున్నారు. చూస్తే ఆ ఎరుపు ప్లాస్టర్ ఆకారంలోనే ఉంది, అంచులు స్కేలు పెట్టి గీసినంత సూటిగా. ఇన్‌ఫెక్షన్ ఎరుపుకు సూటి అంచు ఉండదు. పాకుతుంది, వేడిగా ఉంటుంది, దురద కంటే నొప్పి ఎక్కువ. ఇది ప్లాస్టర్ జిగురుకు, చెమటకు వచ్చిన పొక్కు. ప్లాస్టర్ తీసేసి, గాయం మీద పడకుండా చుట్టూ హైడ్రోకార్టిసోన్ 1 శాతం క్రీము ఐదు రోజులు, మడతలో మెత్తటి నూలు గుడ్డ, రోజుకు రెండు బ్రాలు మార్చడం. అంతటితో పోయింది.

అసలు చిక్కు

పన్నెండో రోజు నీళ్లాయన 20 లీటర్ల టిన్ గుమ్మంలో పెట్టి వెళ్లాడు. జాబితాలో బిందె ఉంది, టిన్ లేదు. దాన్ని వంటింట్లోకి జరిపింది, కుడిచేత్తో. మర్నాటికి కుడి రొమ్ము పైన, బయటి వైపు నిండుగా అయింది. నొప్పి పెద్దగా లేకపోవడంతో ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. ప్లాస్టర్ పొక్కు ఎలా మానిందో చూపించడానికి వచ్చి, మాటల్లో చెప్పింది.

దురదపెట్టిన ఎడమవైపు అందర్నీ పరుగులు పెట్టించింది, నెమ్మదిగా ఉన్న కుడివైపు అసలు పని ఉంది.

పరీక్షలో కుడి రొమ్ము మెత్తగానే ఉంది, చర్మం మెరవడం లేదు, కమిలిన రంగు మడత దాకా దిగింది, జ్వరం లేదు, నాడి 84. అల్ట్రాసౌండ్‌లో ఇంప్లాంట్ చుట్టూ నెలవంకలా ద్రవం, మందం 6 మి.మీ., మొత్తం సుమారు 20 మి.లీ. ఇంప్లాంట్ పైతొడుగు చెక్కుచెదరలేదు. ఆలస్యంగా వచ్చిన చిన్న రక్తస్రావం ఇది.

మా ముందు మూడు దారులు. వెంటనే తెరిచి కడగడం: వాపు గంటగంటకూ పెరుగుతున్నా, బిర్రుగా ఉన్నా, నొప్పి ఒక్క వైపే ఎక్కువవుతున్నా ఇంకో ఆలోచన అక్కర్లేదు, ఆ రాత్రే థియేటర్. ఇక్కడ అవేవీ లేవు. రెండోది సూదితో లాగడం: ఇంప్లాంట్‌కి చిల్లు పడే ప్రమాదం, శుభ్రంగా ఉన్న చోటికి క్రిములను చేర్చే ప్రమాదం. చీము అనుమానం ఉంటే తప్ప 20 మి.లీ. కోసం ఆ పని చేయం. మూడోది చూస్తూ ఆగడం. దానికీ ఒక మూల్యం ఉంది: లోపల మిగిలిన రక్తం వల్ల పొర గట్టిపడే అవకాశం పెరుగుతుంది. ఆ సంగతి ఆమెకు, భర్తకు చెప్పాకే మూడోది ఎంచుకున్నాం.

కమిలిన అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి, అది దాటితే వేళతో పనిలేకుండా రమ్మన్నాం. 24 గంటలకు, 72 గంటలకు మళ్లీ అల్ట్రాసౌండ్. యాంటీబయాటిక్ ఇవ్వలేదు. ఇన్‌ఫెక్షన్ గుర్తులు లేనప్పుడు ఇస్తే లాభం లేదు, నిజంగా ఇన్‌ఫెక్షన్ మొదలైతే లక్షణాలు మరుగున పడి ఆలస్యంగా తెలుస్తుంది. మూడో రోజుకి ద్రవం తగ్గింది, మూడు వారాలకు ఆనవాలు మాత్రం మిగిలింది.

ఐదో వారం: ‘ఇది ఇంతేనా మేడమ్?’

ఎడమది కిందికి దిగి మెత్తబడింది. కుడిది ఇంకా పైనే, గట్టిగా. రెంటి పైఅంచుల మధ్య తేడా 1.5 సెం.మీ. కండరం కింద పెట్టిన ఇంప్లాంట్ మొదట ఎత్తుగా ఉంటుంది, కండరం సడలి, కింది చర్మం సాగేకొద్దీ మూడు నుంచి ఆరు నెలల్లో దిగుతుంది. రెండూ ఒకేసారి దిగాలని లేదు. వాడకం చేతి వైపు కండరం బలంగా ఉంటుంది, ఆ వైపు సాధారణంగా ఆలస్యం. ఈమె కుడిచేతి వాటం, పైగా అదే వైపు రక్తం చేరింది.

ఇంట్లో ఒత్తిడి మొదలైంది. వదినగారు నూనె పెట్టి గట్టిగా మర్దన చేయమన్నారు. వద్దన్నాం, నెల కూడా కాని రక్తస్రావం మీద మర్దన మంచిది కాదు. రొమ్ము పైభాగాన్ని కిందికి నొక్కే వెడల్పాటి పట్టీ కట్టి చూశాం. కొంచెం ఉపయోగపడుతుందనుకున్నాం. చెమటకు చంక కింద పొక్కులు లేచాయి, పది రోజులకు తీసేయాల్సి వచ్చింది, తేడా కూడా ఏమీ కనిపించలేదు. రెండో అభిప్రాయానికి వెళ్తే మళ్లీ తెరిచి కుడివైపు కిందికి దించుదామన్నారట.

ఐదో వారంలో ఎందుకు తెరవకూడదు? వాపు పూర్తిగా పోలేదు, చుట్టూ పొర ముదరలేదు. ఈరోజు సరిపోయేలా దించితే, కండరం సడలాక ఆ వైపు మరీ కిందికి పోతుంది. పైన ఉన్నదాన్ని తర్వాత దించడం తేలిక, కిందికి జారినదాన్ని నిలబెట్టడం కష్టం. రక్తస్రావం, చీము, ఇంప్లాంట్ మడత దాటి జారడం లాంటివి ఉంటే ఆగకూడదు, లేకపోతే ఆరు నెలల లోపు సరిదిద్దే సర్జరీ చేయం.

ఆరో వారం నుంచి ఫిజియోథెరపిస్టు చేత ఛాతీ కండరం సాగదీసే వ్యాయామం మొదలుపెట్టాం: గుమ్మం పక్క చెయ్యి ఆనించి 30 సెకన్లు, ఐదుసార్లు, రోజుకు రెండుపూటలా. బిగుతు అనిపించాలి కానీ నొప్పి రాకూడదు. రోజూ అద్దం చూసుకోవడం మానేసి, నాలుగు వారాలకొకసారి అదే గోడ, అదే వెలుగు, అదే దూరంలో ఫోటో తీయించుకోమన్నాం. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు. ఏ చికిత్స కంటే ఆ ఫోటోలే ఆమెను నిలబెట్టాయని మా అంచనా.

నాలుగో నెలకి తేడా అర సెంటీమీటరుకి వచ్చింది. ఆ లోపు ఎడమ చనుమొన కింద మొద్దుబారడం, తర్వాత బట్ట తగిలితే చురుక్కుమనడం జరిగాయి. నరం కోలుకునేటప్పుడు అలాగే ఉంటుంది. మచ్చ కింద రూపాయి బిళ్లంత మేర స్పర్శ ఇప్పటికీ లేదు.

ఆరో నెలలో కుడివైపు చేతికి కాస్త గట్టిగా తగిలింది, ఆకారం మారలేదు. ఇంప్లాంట్ చుట్టూ పొర ఎంత గట్టిపడిందో చెప్పే బేకర్ కొలమానంలో ఇది రెండో దశ. ఒకటి సహజమైన మెత్తదనం, మూడులో గట్టితనంతో పాటు ఆకారమూ మారి కనిపిస్తుంది, నాలుగులో నొప్పి కూడా. సర్జరీ మాట మూడు, నాలుగు దశల్లోనే. ఏడాదికి చూసినా రెండో దశలోనే ఉంది. చనుమొనల ఎత్తు తేడా ముందు చెప్పినట్టే ఉండిపోయింది, దాని గురించి ఆమె ఒక్కసారీ అడగలేదు.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

ప్రమాదం నొప్పితో వస్తుందని రోగులు అనుకుంటారు. రెండు వైపులా సమానంగా ఉన్న నొప్పి, బిగుతు, కమిలిన రంగు, చురుకులు ఆగి చూడదగ్గవి. ఒక్క వైపే కొత్తగా వచ్చిన వాపు, నొప్పి లేకపోయినా, అదే రోజు చూడాల్సింది. డిశ్చార్జి కాగితంలో ఇప్పుడు ఈ వాక్యం మందుల జాబితా కంటే పైన ఉంటుంది. నీళ్ల టిన్ కూడా జాబితాలో చేరింది.

కుటుంబంలో ఒకరినైనా సర్జరీకి ముందే కూర్చోబెట్టి, ఐదో వారంలో రెండు వైపులూ ఒకేలా ఉండకపోవచ్చని ఫోటోలతో చూపించడం మంచిది. రోగికి తెలిసినా, ఇంట్లో నలుగురూ నాలుగు మాటలంటే ఆ తెలివిడి నిలవదు.

వేసవిలో చేయాల్సి వస్తే జిగురు ప్లాస్టర్‌ను ముందు మోచేతి లోపలి వైపు రెండు రోజులు అంటించి చూస్తున్నాం.

ఆమె చేతిలో పెట్టినవి: రెండు ఇంప్లాంట్ల సీరియల్ నంబర్లున్న కార్డు, దాని ఫోటో కాపీ, నూనె తిత్తి బొమ్మలు. సిలికాన్ లోపలే చిట్లితే బయటికి ఏమీ తెలియదు కాబట్టి ఐదో ఆరో ఏట ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకొకసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్‌ఐ గానీ. నలభై దాటాక మామోగ్రామ్‌కి వెళ్తే, మిషన్ ఎక్కకముందే టెక్నీషియన్‌కి ఇంప్లాంట్ ఉందని చెప్పాలి. దాన్ని వెనక్కి నెట్టి కణజాలం ఒక్కదాన్నే ముందుకు లాగి తీసే అదనపు బొమ్మలు ఉంటాయి, అడగకపోతే అవి తీయకపోవచ్చు.